డివిడెండ్ కూడా వడ్డీలాంటిదేనా? నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు విషయం

ఇజీనారం అమ్మాయి · ఆగస్టు 9, 2025 · రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా నాన్నగారు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి ఈ మధ్యే రిటైరయ్యారు. ఉండేది విజయనగరంలో. సొంతిల్లు ఉంది, అప్పుల్లేవు. పీఎఫ్, గ్రాట్యుటీ, సెలవుల డబ్బు అన్నీ కలిపి 24 లక్షలు చేతికొచ్చాయి. పెన్షన్ వస్తుంది గానీ అది ఈపీఎస్ పెన్షన్, అంటే పీఎఫ్ తో పాటు ఉండే చిన్న పెన్షన్, అమ్మ మందులకీ కరెంటు బిల్లుకీ సరి. కాబట్టి ఈ 24 లక్షల మీద వచ్చేదానితోనే ఇల్లు గడవాలి.

బ్యాంకుకి వెళ్తే ఎఫ్‌డీకి ఆరున్నర శాతం దగ్గర చెప్పారు. కిందటేడు ఏడు దాటి ఉండేది, రిజర్వ్ బ్యాంకు రేట్లు తగ్గించాక ఇలా అయింది. ఇంతలో మా చిన్నాన్న కొడుకు వచ్చి, "ఎఫ్‌డీ ఎందుకు పెదనాన్నా, స్టేట్ బ్యాంకు షేర్లే కొనెయ్యి. ఈ ఏడాది 1,590 శాతం డివిడెండ్ ఇచ్చింది. అదీ వడ్డీలాంటిదే, ఏడాదికోసారి అకౌంట్లో పడిపోద్ది" అన్నాడు. అప్పట్నుంచి నాన్నగారికి ఆ 1,590 తప్ప ఇంకో మాట లేదు. వాడు అబద్ధం చెప్పే రకం కాదు, నాన్నగారంటే వాడికి ప్రాణం. నాకూ తేడా తెలీదు. రెండూ అకౌంట్లో పడే డబ్బే కదా? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి, నేను నాన్నగారికి చెప్పుకోవాలి.

నాగావళి గట్టు · ఆగస్టు 9, 2025 · రాత్రి 9:48

అమ్మా, నేను శ్రీకాకుళంలో బ్యాంకు పని చేసి రిటైరయినవాణ్ణి. ముందు ఆ 1,590 సంగతి తేల్చేద్దాం, మిగతాది తర్వాత.

మీ తమ్ముడు చెప్పిన అంకె నిజమే. డివిడెండ్ అంటే లాభంలోంచి షేర్లున్నవాళ్లకి పంచే డబ్బు. దాని శాతాన్ని షేరు ముఖ విలువ మీద, అంటే షేరు మీద రాసి ఉండే విలువ మీద చెబుతారు, మీరు కొన్న ధర మీద కాదు. స్టేట్ బ్యాంకు షేరు ముఖ విలువ ఒక్క రూపాయి. దాని మీద 1,590 శాతం అంటే షేరుకి 15 రూపాయల 90 పైసలు. డివిడెండ్ ఇచ్చిన మే నెలలో షేరు ధర 800 అటూఇటూగా ఉంది. 800 పెట్టి కొన్నవాడికి 15.90 వస్తే అది రెండు శాతం.

ఇప్పుడు లెక్క వేసుకోండి. 10 లక్షలకి 800 చొప్పున 1,250 షేర్లు వస్తాయి. వాటి మీద డివిడెండ్ 19,875 రూపాయలు, అదీ ఏడాది మొత్తానికి. అదే 10 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో వేస్తే 8.2 శాతం చొప్పున ఏడాదికి 82,000. అంటే మూడు నెలలకోసారి 20,500. షేర్లు ఏడాదంతా ఇచ్చినదానికంటే ఇక్కడ ఒక్క త్రైమాసికం వడ్డీ ఎక్కువ. ఈ లెక్క కాగితం మీద రాసి నాన్నగారి చేతికివ్వండి.

రాజాం కుర్రాడు · ఆగస్టు 9, 2025 · రాత్రి 10:20

గురువుగారూ, లెక్క కరెక్టే గానీ సగమే చెప్పారు. వడ్డీ ఎక్కడిదక్కడే ఉంటుంది, డివిడెండ్ పెరుగుతుంది. స్టేట్ బ్యాంకే చూడండి. 2020-21కి 4 రూపాయలు, తర్వాత వరసగా 7.10, 11.30, 13.70, ఇప్పుడు 15.90. 2021 మేలో షేరు 400 చుట్టూ ఉన్నప్పుడు కొన్నవాడికి తన పెట్టుబడి మీద ఇప్పుడు నాలుగు శాతం డివిడెండ్ వస్తోంది, పైగా షేరు రెండింతలైంది. అప్పుడు ఎఫ్‌డీ వేసినవాడికి అసలు అసలే.

సీనియర్ స్కీములో ఇవాళ వేస్తే ఐదేళ్ల తర్వాత కూడా మూడు నెలలకి అదే 20,500. అప్పటికి బియ్యం బస్తా ఎంత ఉంటుందో, మందుల ఖర్చు ఎంతవుతుందో ఎవరైనా చెప్పగలరా? పెద్దవాళ్లని వడ్డీకి కట్టేసి కూర్చోబెట్టడం నాకు నచ్చదు.

కామర్స్ మాస్టారు, టెక్కలి · ఆగస్టు 10, 2025 · ఉదయం 6:35

బాబూ రాజాం, నువ్వు చెప్పిన అంకెలు నిజం. కానీ వరసని 2020-21 దగ్గర మొదలుపెట్టావు. ఇంకాస్త వెనక్కి వెళ్లు. 2016-17కి స్టేట్ బ్యాంకు షేరుకి 2.60 ఇచ్చింది. ఆ తర్వాత 2017-18లో మొండి బాకీల దెబ్బకి 6,547 కోట్ల నష్టం వచ్చింది, డివిడెండ్ లేదు. 2018-19లో లేదు. 2019-20లో మంచి లాభం వచ్చింది, అప్పుడూ లేదు. ఎందుకంటే కోవిడ్ మొదలయ్యాక 2020 ఏప్రిల్ 17న రిజర్వ్ బ్యాంకు, ఆ ఏడాది లాభాల్లోంచి డివిడెండ్ ఇవ్వొద్దని బ్యాంకులన్నింటినీ ఆదేశించింది.

ఆ మూడేళ్లూ అదే బ్యాంకులో ఎఫ్‌డీ వేసిన ముసలాయనకి వడ్డీ ఒక్క రోజు ఆగిందా? నష్టం వచ్చిన ఏడాదిలోనూ పైసా తగ్గకుండా పడింది. అదే కౌంటరు, అదే బ్యాంకు. ఒకరికి పూర్తిగా ముట్టింది, ఒకరికి సున్నా. అమ్మాయి అడిగిన తేడా ఇక్కడే ఉంది.

ఎఫ్‌డీ వేసినప్పుడు మీరు బ్యాంకుకి అప్పిచ్చినట్టు. మీరు బాకీదారు కాదు, బ్యాంకే మీకు బాకీ. లాభమొచ్చినా నష్టమొచ్చినా రాసిచ్చిన రేటు ప్రకారం ఇవ్వాల్సిందే. కట్టకపోతే అది ఎగవేత కిందికి వస్తుంది, మీరు అడగొచ్చు, కోర్టుకెళ్లొచ్చు. షేరు కొన్నప్పుడు మీరు అప్పివ్వలేదు, వాటా కొన్నారు. మీరూ యజమానుల్లో ఒకరు. జీతాలు, వడ్డీలు, పన్నులు అన్నీ పోగా మిగిలిన లాభంలోంచి ఎంత పంచాలి, ఎంత వ్యాపారంలోనే ఉంచాలి అన్నది డైరెక్టర్లు అనుకుంటారు. కంపెనీ అయితే బోర్డు సిఫార్సు చేస్తుంది, వార్షిక సభలో వాటాదారులు ఆమోదిస్తారు. వాటాదారులు దాన్ని తగ్గించగలరు గానీ పెంచలేరు. ఇవ్వకూడదనుకుంటే ఇవ్వరు, మీరు దావా వెయ్యలేరు. ఒకసారి ప్రకటించాక మాత్రం అదీ బాకీయే అవుతుంది. 30 రోజుల్లో చెల్లించాలి, లేకపోతే ఏడాదికి 18 శాతం వడ్డీ కలిపి ఇవ్వాలని కంపెనీల చట్టం చెబుతోంది.

కాబట్టి "డివిడెండ్ ఎంత శాతం" అని అడిగే ముందు "ఇవ్వక తప్పదా, ఇవ్వాలనిపిస్తే ఇస్తారా" అని అడగాలి. మందుల షాపువాడు ఇవ్వాలనిపిస్తే ఇచ్చే డబ్బు కోసం ఆగడు కదమ్మా.

పలాస జీడి · ఆగస్టు 10, 2025 · ఉదయం 8:02

మాస్టారు చెప్పింది మా ఉద్దానం వాళ్లకి సులువుగా ఎక్కుతుంది. తోట గుత్తకిచ్చినోడికి ముందే మాట్లాడుకున్న డబ్బు వస్తుంది, కాపు ఎలా ఉన్నా. సొంతంగా కాయించుకున్నోడికి మంచి ఏడాదైతే గుత్త కంటే చాలా ఎక్కువే మిగులుతుంది. కానీ 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కాపే కాదు, చెట్లే పోయాయి. షేర్లలో కూడా అంతే, డివిడెండ్ రాకపోవడం ఒక ఎత్తు, పెట్టిన అసలే కరిగిపోవడం ఇంకో ఎత్తు. ఎఫ్‌డీలో గడువుకి అసలు అసలుగా వస్తుంది.

ఇజీనారం అమ్మాయి · ఆగస్టు 10, 2025 · మధ్యాహ్నం 1:15

మాస్టారూ, ఆ మూడేళ్ల సంగతి చదివి వినిపించాను. నాన్నగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "మరి మనవాడు ఇంకో మాట చెప్పాడే" అన్నారు. డివిడెండ్ ఇచ్చే ముందు రోజు షేరు కొని, డివిడెండ్ పుచ్చుకుని మర్నాడు అమ్మేస్తే అసలు అసలూ ఉంటుంది, డివిడెండూ వస్తుందట. ఎఫ్‌డీకి ఏడాది ఆగాలి, దీనికి ఒక్క రోజు చాలట. ఇది నిజమేనా?

నాగావళి గట్టు · ఆగస్టు 10, 2025 · మధ్యాహ్నం 2:40

నిజం కాదమ్మా. రికార్డు తేదీ అని ఒకటి ఉంటుంది. ఆ రోజుకి షేరు ఎవరి డీమ్యాట్‌లో, అంటే షేర్లుండే ఖాతాలో, ఉంటే వాళ్లకే డివిడెండ్. ఇప్పుడు కొన్న షేరు మర్నాటికల్లా అకౌంట్లోకి వస్తోంది కాబట్టి రికార్డు తేదీకి కనీసం ఒక ట్రేడింగ్ రోజు ముందు కొనాలి. ఇంతవరకూ మీ తమ్ముడు చెప్పింది సరే.

కానీ రికార్డు తేదీ ఉదయం మార్కెట్ తెరిచేసరికి షేరు ధర దాదాపు ఆ డివిడెండ్ మేరకు తగ్గి మొదలవుతుంది. 500 రూపాయల షేరు 20 రూపాయలు డివిడెండ్ ఇస్తుంటే, ఆ రోజు 480 దగ్గర తెరుచుకుంటుంది. మార్కెట్ ఊపుని బట్టి అటూఇటూ ఉండొచ్చు గానీ లెక్క అదే. ఎందుకంటే ఆ 20 రూపాయలు కంపెనీ ఖజానాలోంచి బయటికి పోతోంది, ఆ మేరకు కంపెనీ విలువ తగ్గింది. మీ షేరులో ఉన్న డబ్బే మీ చేతికొచ్చింది. పైగా ఆ 20 మీద ఆదాయపు పన్ను లెక్క, కొనడానికీ అమ్మడానికీ ఖర్చులు.

వడ్డీలో ఇలా జరగదు. లక్ష ఎఫ్‌డీ మీద వడ్డీ పుచ్చుకున్న మర్నాడు కూడా మీ ఎఫ్‌డీ లక్షే. నలభై ఏళ్లు కౌంటర్లో కూర్చున్నవాళ్లు కూడా కొందరు ఈ తేడా పట్టించుకోరు, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను.

రాజాం కుర్రాడు · ఆగస్టు 10, 2025 · సాయంత్రం 5:30

ఇందులో నేను గట్టు గారి వైపే. డివిడెండ్ కోసం ఒక్క రోజు కొని అమ్మడం పెట్టుబడి కాదు. నేను చెప్పేది ఏళ్ల తరబడి ఉంచుకోవడం గురించి. ఐటీసీ ఉంది, 2019-20లో షేరుకి 10.15, 2024-25కి 14.35. ఏటా ఇస్తూనే ఉంది.

కామర్స్ మాస్టారు, టెక్కలి · ఆగస్టు 10, 2025 · సాయంత్రం 6:10

ఐటీసీ మంచి ఉదాహరణే. అందులోనూ 2022-23కి 15.50 ఇచ్చి, మరుసటి ఏడాదికి 13.75కి దిగింది. మొదటి ఏడాది కొంత ప్రత్యేక డివిడెండ్ కలిసింది, మళ్లీ అది లేదు. అంత నికరమైన కంపెనీలోనే ఈ హెచ్చుతగ్గులుంటే నెలవారీ ఖర్చుకి ఎలా ఆధారపడతాం?

పెరుగుదల విషయంలో నీతో వాదన లేదు నాయనా. ధరలు పెరుగుతుంటే వడ్డీ అలాగే ఉండిపోవడం నిజమైన కష్టమే. పాతికేళ్ల నీకు షేర్లే ఎక్కువ ఉండాలి, డివిడెండ్ సున్నా వచ్చిన మూడేళ్లు నీ జీతం నిన్ను మోస్తుంది. ఆ కండక్టర్ గారిని మోసే జీతం లేదు.

పొందూరు ఖద్దరు · ఆగస్టు 10, 2025 · రాత్రి 8:55

ఈ చర్చ చదువుతుంటే మా ఇంట్లో ట్రంకుపెట్టె గుర్తొచ్చి తెరిచాను. మా మావగారు ఎప్పుడో కొన్న షేర్ల సర్టిఫికెట్లు, వాటి మధ్య బ్యాంకులో వెయ్యని డివిడెండ్ వారంట్లు, అంటే కంపెనీ పంపిన చెక్కుల్లాంటి కాగితాలు. మడతల దగ్గర కాగితం చిరిగిపోతోంది, రబ్బరుముద్ర మాత్రం ఇంకా నీలంగానే ఉంది. ఒక్కోటి నూరు, నూట యాభై. ఆయన పోయి చాలా కాలమైంది. ఇవి ఇప్పుడు చెల్లుతాయా? ఆయన పాత ఎఫ్‌డీ ఒకటి ఉంటే నామినీ కాగితం చూపించి తెచ్చుకున్నాం, ఇబ్బంది లేకపోయింది.

బొబ్బిలి ఆడిటర్ · ఆగస్టు 10, 2025 · రాత్రి 9:40

అమ్మా, వారంట్లు అలాగే బ్యాంకులో వేస్తే చెల్లవు, గడువు దాటిపోయింది. కానీ డబ్బు పోలేదు. వాటాదారు తీసుకోని డివిడెండ్‌ని కంపెనీ విడిగా ఒక ఖాతాలో ఉంచుతుంది. ఏడేళ్లు ఎవరూ అడక్కపోతే కేంద్ర ప్రభుత్వం కింద ఉండే పెట్టుబడిదారుల రక్షణ నిధికి, అంటే ఐఈపీఎఫ్‌కి పంపేస్తుంది. వరసగా ఏడేళ్లు డివిడెండ్ తీసుకోకపోతే డివిడెండే కాదు, ఆ షేర్లు కూడా అక్కడికే వెళ్తాయి. సర్టిఫికెట్లు పారెయ్యకండి. ముందు కంపెనీ షేర్ల లెక్కలు చూసే రిజిస్ట్రార్‌కి రాసి వారసత్వ కాగితాలు ఇవ్వండి, నిధికి వెళ్లినట్టు తేలితే ఐఈపీఎఫ్-5 ఫారం ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి. దానికి ప్రభుత్వ ఫీజు లేదు. షేర్ల విలువలో వాటా ఇస్తే పని చేసిపెడతామనేవాళ్లు వస్తారు, జాగ్రత్త.

బ్యాంకులో అయితే పదేళ్లు కదలని డిపాజిట్ రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్తుంది, దాన్నీ తిరిగి అడగొచ్చు. రిజర్వ్ బ్యాంకువాళ్ల ఉద్గమ్ పోర్టల్‌లో పేరు కొట్టి వెతుక్కోవచ్చు.

ఇజీనారం అమ్మాయికి పన్ను సంగతి కూడా చెప్పేస్తాను. 2020 మార్చి వరకూ డివిడెండ్ మీద కంపెనీయే పన్ను కట్టి మనకి పంపేది. ఆ ఏప్రిల్ నుంచి అది మన ఆదాయంలో కలుస్తోంది, మన శ్లాబు ప్రకారమే పన్ను. వడ్డీకీ అంతే. కాబట్టి "డివిడెండ్‌కి పన్నుండదు" అని ఎవరైనా అంటే అది పాత మాట. పాత పన్ను విధానంలో ఉన్న సీనియర్లకి వడ్డీ మీద 50,000 వరకూ 80టీటీబీ మినహాయింపు ఉంది, డివిడెండ్‌కి అది లేదు. కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడదు కాబట్టి మీ నాన్నగారికి రెండింటి మీదా పన్ను సున్నాయే.

టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేవాళ్లే ముందుగా కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను, మాత్రం వేరు. సీనియర్లకి ఒక బ్యాంకు ఇచ్చే వడ్డీ ఏడాదికి లక్ష దాటితేనే 10 శాతం కోత. డివిడెండ్‌కి ఒక్కో కంపెనీ నుంచి 10,000 దాటితే చాలు. ఈ రెండు పరిమితులూ ఈ ఏప్రిల్ నుంచే పెరిగాయి. ఇంకొకటి, గడువుకి ఒకేసారి వడ్డీ వచ్చే ఎఫ్‌డీలో డబ్బు చేతికి రాకపోయినా ఏటా లెక్కగట్టిన వడ్డీ మీద టీడీఎస్ పడుతుంది. ప్రకటించని డివిడెండ్ మీద పన్నే ఉండదు.

పలాస జీడి · ఆగస్టు 11, 2025 · ఉదయం 7:20

అందరూ వడ్డీ అంటే భద్రం అన్నట్టు మాట్లాడుతున్నారు. ఇక్కడ ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. మా దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాయించుకుని ఇస్తారు, అంటే ఏడాదికి 24 శాతం. ఆ నోటు మీద మూడేళ్లలోపు దావా వెయ్యకపోతే కాలదోషం పట్టిపోతుంది. జనం దగ్గర డిపాజిట్లు కట్టించుకుని తిరిగివ్వని అగ్రిగోల్డ్ కంపెనీ సంగతి ఉత్తరాంధ్రలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. చివరికి రాష్ట్ర ప్రభుత్వం 2019లో 10,000 లోపు, 2021లో 20,000 లోపు కట్టినవాళ్లకి తన డబ్బులోంచి ఇచ్చింది. రాబడి రాసిచ్చినంత మాత్రాన అది రాదు. ఎవరు రాసిచ్చారన్నది చూడాలి.

నాగావళి గట్టు · ఆగస్టు 11, 2025 · ఉదయం 9:05

అక్షరాలా నిజం. బ్యాంకు డిపాజిట్‌కి ఒక మనిషికి ఒక బ్యాంకులో అసలూ వడ్డీ కలిపి 5 లక్షల వరకూ బీమా ఉంటుంది. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే. పోస్టాఫీసు పథకాలకి కేంద్ర ప్రభుత్వమే పూచీ. ఫైనాన్స్ కంపెనీల డిపాజిట్లకి ఈ బీమా లేదు. ఇళ్లకి అప్పులిచ్చే డీహెచ్ఎఫ్ఎల్ కంపెనీ కూలినప్పుడు ఎఫ్‌డీ వేసినవాళ్లలో చాలామందికి అసలులో కొంత భాగమే తిరిగొచ్చింది. కానీ అదే కంపెనీ షేర్లున్నవాళ్లకి ఏమొచ్చింది? ఏమీ రాలేదు. 2021లో ఆ షేర్లు సున్నా విలువతో రద్దయ్యాయి. కంపెనీ మునిగినప్పుడు అప్పిచ్చినవాళ్ల వరస ముందు, వాటాదారుల వరస అందరికంటే చివర. డివిడెండ్ కూడా ఆ చివరి వరసలో ఉన్నవాళ్లకి వచ్చేదే.

ఇజీనారం అమ్మాయి · ఆగస్టు 11, 2025 · సాయంత్రం 7:30

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నాన్నగారూ తమ్ముడూ కూర్చుని మొత్తం చదివారు. తమ్ముడు షేర్ల మాట వదిలి, "అయితే నెలనెలా డివిడెండ్ ఇచ్చే మ్యూచువల్ ఫండ్ ఉంది కదా, అది వడ్డీలాంటిదే" అంటున్నాడు. దీనికీ జవాబు చెప్పండి ప్లీజ్, ఇదే ఆఖరిది.

రాజాం కుర్రాడు · ఆగస్టు 11, 2025 · రాత్రి 8:05

అక్కా, ఇది నేను చెప్తాను. అది వడ్డీ కాదు, కంపెనీలు ఇచ్చే డివిడెండ్ లాంటిది కూడా కాదు. ఫండ్‌లో మీ యూనిట్ల విలువలోంచే తీసి మీకు ఇస్తారు. ఇచ్చిన రోజు ఎన్ఏవీ, అంటే ఒక్కో యూనిట్ విలువ, అంత తగ్గుతుంది. జనం పొరబడుతున్నారనే మార్కెట్‌ని నియంత్రించే సెబీ 2021 ఏప్రిల్ నుంచి ఆ ఆప్షన్‌కి డివిడెండ్ అనే పేరే తీసేయించి, ఆదాయంతో పాటు మూలధనం కూడా తీసి ఇస్తున్నారని తెలిసేలా ఐడీసీడబ్ల్యూ అని మార్పించింది. ప్రతి నెలా ఇస్తామన్న గ్యారంటీ ఏ ఫండూ ఇవ్వదు. షేర్ల విషయంలో నా అభిప్రాయం నాదే గానీ, పెదనాన్నగారికి ఇది మాత్రం వద్దు.

ఇజీనారం అమ్మాయి · ఆగస్టు 12, 2025 · రాత్రి 9:00

నిర్ణయమైంది. 20 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీము, మూడు నెలలకోసారి 41,000 వస్తుంది. 3 లక్షలు అవసరానికి ఎఫ్‌డీ. మిగిలిన లక్ష తమ్ముడి చేతికిచ్చి, నాన్నగారి డీమ్యాట్‌లోనే కొంచెం కొంచెంగా మంచి షేర్లు కొనమన్నారు. దాని మీద వచ్చే డివిడెండ్‌ని ఇంటి ఖర్చులో లెక్క వెయ్యొద్దని అమ్మ గట్టిగా చెప్పింది. ఆడిటర్ గారూ, పోస్టాఫీసు వడ్డీ ఏడాదికి 1,64,000 అవుతుంది, లక్ష దాటుతుంది కదా. టీడీఎస్ పడకుండా ఏం చెయ్యాలి?

బొబ్బిలి ఆడిటర్ · ఆగస్టు 12, 2025 · రాత్రి 9:35

ఖాతా తెరిచిన రోజే 15హెచ్ ఫారం, అంటే నాకు పన్ను పడదు కాబట్టి కొయ్యొద్దని సీనియర్లు రాసిచ్చే కాగితం, ఇచ్చెయ్యండి, పాన్ జెరాక్స్ జతచేసి. తర్వాత ప్రతి ఏప్రిల్‌లో మళ్లీ ఇవ్వాలి, ఒకసారి ఇస్తే ఐదేళ్లూ సరిపోదు. ఎఫ్‌డీ బ్యాంకుకి విడిగా ఇంకొకటి. షేర్లు లక్షవే కాబట్టి ఏ కంపెనీ డివిడెండూ 10,000 దాటదు, వాటికి అక్కర్లేదు. వడ్డీ జమయ్యే సేవింగ్స్ ఖాతా కూడా అదే పోస్టాఫీసులో తెరవండి. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ నెలల మొదటి పనిరోజున వడ్డీ దానంతటదే పడుతుంది. తీసుకోకుండా వదిలేసిన వడ్డీ మీద వడ్డీ రాదు, అందుకే ఈ జాగ్రత్త. నామినీగా అమ్మగారి పేరు రాయడం మర్చిపోకండి.